నాలుగో హోటల్

తాండూరులో ఎవరైనా కొత్తిల్లు చూడ్డానికి పిలిస్తే వచ్చినవాళ్లు గోడల రంగు చూస్తారు, తలుపుల చెక్కడం చూస్తారు, బాగుందంటారు. అజమత్ మేస్త్రీ మాత్రం చెప్పులు విప్పి, తల దించి, నేల చూస్తాడు. ముప్పై ఏళ్లుగా బండలు పరుస్తున్న మనిషి. పెళ్లిచూపులకు పోయిన రోజు కూడా పిల్ల ముఖం కన్నా ముందు ఆ ఇంటి వరండాలో బండల అతుకులే చూశాడని చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. అది అబద్ధమని అతను ఎన్నడూ అనలేదు.

మంగళవారం సాయంత్రం కూతురు ఐమన్ వికారాబాద్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. భర్త ఆసిఫ్ వాళ్లిల్లూ అక్కడే.

"అబ్బా, వచ్చే ఆదివారానికి మీ పెండ్లయి ఇరవై అయిదేండ్లు. యాదికున్నదా? నేను, ఆసిఫ్ కలిసి మీ ఇద్దరిని పట్నంల పెద్ద హోటల్ల ఒక రాత్రి ఉంచుదామనుకున్నం. నాలుగు హోటళ్ల ఫొటోలు పంపిన. ఏది కావాల్నో మీరే చెప్పున్రి. శుక్రవారం దాటితే రూములు దొరకయ్."

అజమత్ అయిదు నిమిషాలు వద్దు వద్దన్నాడు. ఆరో నిమిషంలో కళ్లజోడు వెతుక్కున్నాడు.

వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వంటగది గుమ్మంలో భార్య ముబీనా జొన్న రొట్టెలు కొడుతోంది. పిండిముద్దను పీట మీద తిప్పుతూ అరచేత్తో చరుస్తుంటే ఆ చప్పుడు వీధి దాకా వినిపిస్తుంది. వాళ్లింట్లో మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. రొట్టెల చప్పుడు మాత్రం ఇరవై అయిదేళ్లుగా ఒకే తీరు.

"ఏం ఫొటోలు?" అంది ముబీనా, పెనం మీది రొట్టెకు నీళ్లు అద్దుతూ.

"హోటళ్లవి. బిడ్డ మనల్ని పట్నం తోలుతదంట. నువ్వు రొట్టె చెయ్యి, నేను చూస్త."

మొదటి హోటల్ అద్దాల మేడ. అజమత్ రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి, షాండ్లియర్‌ను దాటి, సోఫాలను దాటి, కిందికొచ్చి ఆగాడు. "నల్ల గ్రానైటు. అద్దం లెక్క మెరుస్తున్నది. తడి కాలు పెడితే నడుము పోతది" అని కొట్టేశాడు. రెండోది చెరువు పక్కన ఉంది. గదుల నిండా తివాచీలు. తివాచీ కింద ఏముందో తెలియకుండా అడుగు పెట్టడం అతని స్వభావంలో లేదు. దాన్ని పక్కన పెట్టాడు.

మూడోది చూడగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పాతకాలపు హవేలీలా కట్టారు. నడుమ పెద్ద వాకిలి, వాకిలంతా నీలం తాండూరు బండ. బండకూ బండకూ మధ్య అతుకు గోటి మందాన కూడా లేదు.

"యా అల్లా! ముబీనా, ఎవడో ఉస్తాద్ పరిచిండే దీన్ని. చూడు, దారం పట్టి గీసినట్టున్నది."

"ఊఁ" అంది ముబీనా. ఆమె చేతిలో రొట్టె ఉంది, చూపు పెనం మీద ఉంది.

నాలుగోదాంట్లో నాలుగైదు ఫొటోలున్నాయి. పొద్దున నాష్తా పెట్టే హాలు ఫొటో దగ్గర అజమత్ మొదట మెత్తబడ్డాడు. నేల తాండూరు పసుపు బండలాగే ఉంది. ఇంకా పెద్దది చేశాడు. ముఖం ఎర్రబడింది.

"బండ కాదే ఇది! బండ బొమ్మ! టైల్ మీద అచ్చు గుద్దిండ్రు. చూడు, ఒకటే మచ్చ, ఒకటే జాగల, ప్రతి మూడో దాని మీద ఉన్నది. దేవుడు రెండు బండలను ఒక్క తీరు చేస్తడా? మన ఊరి బండను ఫొటో తీసి మనకే చూపిస్తరా!"

అంత కోపం దేనికో చూద్దామని ముబీనా లేచి, చున్నీ కొసకు చేతులు తుడుచుకుని, అతని భుజం మీదుగా వంగింది. ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది గదా" అంది నెమ్మదిగా.

"ఏం మంచిగ? నకిలీ మాల్!" అని అతను ఫొటోను వేలితో పక్కకు నెట్టేశాడు.

అప్పటికి పెనం మీద రొట్టె మాడింది. ముబీనా రొట్టె మాడడం అంటే అమావాస్య నాడు చంద్రుడు కనబడడమే. మాడినదాన్ని తన పళ్లెంలో వేసుకుని, మంచివి అతని పళ్లెంలో పెట్టింది. అతను రొట్టె తుంచుతూ మూడో హోటల్ వాకిలినే చూస్తున్నాడు.

బుధవారం పొద్దున వికారాబాద్‌లో ఓ కొత్తింటి పనికి పోతూ ఎక్కిన ప్యాసింజర్ రైల్లో ఫొటోలు అజమత్ జట్టులోని అందరి చేతులూ మారాయి. అతని జట్టు ముగ్గురే. బండలు కోసే శంకరప్ప కన్నడ సరిహద్దు మనిషి. బండలు మోసి అందించే బీరప్ప యాలాల్ వాడు. సిమెంటు మాల్ కలిపే భీమమ్మ రోజూ తెల్లారకముందే పెద్దేముల్‌లో షేర్ ఆటో ఎక్కి తాండూరు స్టేషన్ చేరుతుంది. ముగ్గురూ ఏనాడూ స్టార్ హోటల్ గడప తొక్కినవాళ్లు కాదు. అందుకే సలహాలకు కొదవ లేకపోయింది.

"చెరువు పక్కది తీసుకో మేస్త్రీ, గాలొస్తది" అన్నాడు బీరప్ప.

"చెరువంటే దోమలప్పా" అన్నాడు శంకరప్ప. "అద్దాల మేడలె చల్లగుంటది, ఏసీ."

"ముందు తివాచీ కింద ఏమున్నదో తెలుసుకోవాలె" అన్నాడు అజమత్. పక్కన పెట్టినదాన్ని కూడా న్యాయంగా విచారించి కొట్టేయాలన్నది అతని పద్ధతి. ఫొటో కింద ఉన్న నెంబరుకు అక్కడికక్కడే ఫోన్ చేశాడు. అవతల ఓ అమ్మాయి తేనె పూసిన గొంతుతో నమస్కారం చెప్పింది.

"మేడం, మీ దగ్గర కింద ఏం బండ?"

"సార్?"

"కింద, నేల మీద. ఏం బండ పరిచిండ్రు?"

"లాబీలో ఇటాలియన్ మార్బుల్ సార్."

"రూముల్ల?"

"కార్పెట్ సార్. చాలా మెత్తగా ఉంటుంది."

"మంచిది. కార్పెట్ కింద?"

"సార్, మా మేనేజర్‌కు ఇస్తున్నాను" అంది ఆ అమ్మాయి. మేనేజర్ వచ్చి, ఏదైనా ఫిర్యాదా అని అడిగాడు. ఇంకా రానే లేదు, ఫిర్యాదేంది అన్నాడు అజమత్. కార్పెట్ కింద సిమెంటు ఉంటుందేమో సార్ అన్నాడు మేనేజర్. ఉంటదేమో అంటే ఎట్ల, మీ ఇంటి నేల మీకు తెల్వదా అని అజమత్ ఫోన్ పెట్టేశాడు. రైలు పెట్టె అంతా పడిపడి నవ్వింది. భీమమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వికారాబాద్ స్టేషన్‌లో దిగీ దిగగానే అతను కూతురికి ఫోన్ చేసి, నాలుగోదాని నకిలీ బండను తిట్టి తిట్టి, చివరికి చెప్పేశాడు. "మూడోది బిడ్డా. వాకిలి ఉన్నది చూడు, గదే."

"అమ్మీ ఏమన్నది?"

"అమ్మీ ఏమంటది? నేనేదంటే గదే."

"సరే అబ్బా. బుక్ చేస్తున్న. రేపటి దాక మార్చుకోవచ్చంట, మల్ల మనసు మారితే చెప్పున్రి."

"నా మనసెందుకు మారుతది!" అన్నాడు అజమత్. ఆ రోజంతా ఈల వేస్తూ పని చేశాడు.

గురువారం పని వంటగది దాకా వచ్చింది. ఇల్లు పాండురంగం సారుది. మర్పల్లి వైపు భూములున్న కుటుంబం, వికారాబాద్‌లో ఎరువుల దుకాణం. కొత్తింటికి ఆయన ఎంచుకున్న రాయి అద్దంలా పాలిష్ చేసిన తెల్లది. హాలులో దాన్నే పరిచారు, దివ్యంగా ఉంది. వంటగదిలోనూ అదే వేయమని చెప్పి ఆయన ఫోన్ పట్టుకుని పక్కకు పోయాడు.

అజమత్‌కు ఒక పద్ధతి ఉంది. వంటగదిలో మొదటి బండ పెట్టే ముందు ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి, రెండు మూడు రకాల బండలు కింద పెట్టి, వాటి మీద నీళ్లు చల్లి, వట్టికాళ్లతో నిలబడమంటాడు. ఉస్తాద్ నేర్పిన పని కాదు, తనంతట తాను నేర్చుకున్నది. ఈ చుట్టుపక్కల అతనికి పేరొచ్చింది కూడా ఈ పద్ధతితోనే. ఆ రోజు కూడా తెల్ల పాలిష్ బండ ఒకటి, కొంచెం గరుకున్న నీలం బండ ఒకటి పక్కపక్కన పెట్టి, "అమ్మా, జర రాన్రి" అని పిలిచాడు.

పాండురంగం భార్య అరుణాదేవి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చింది. తెల్ల బండ మీద ఒక కాలు పెట్టింది. మడమ జారింది. గోడ పట్టుకుంది. నీలం బండ మీదికి మారి, రెండు కాళ్లూ పెట్టి, కాసేపు అలాగే నిలబడింది.

"ఇది మంచిగున్నది అజమత్ భాయ్. కాళ్లు పట్టుకుంటున్నది."

పాండురంగం గుమ్మంలోకి వచ్చాడు. "ఏంది మేస్త్రీ, మల్ల కొత్తగ? హాలుకు, వంటింటికి ఒకటే ఉంటే అందంగుంటది. ఆమెకేం తెలుస్తది?"

అరుణాదేవి కుచ్చిళ్లు వదిలి బండ మీంచి దిగబోయింది. అజమత్ రబ్బరు సుత్తెను కింద పెట్టాడు.

"సార్, ఒక్క మాట. ఈడ రోజూ నిలబడేది మీరా?"

"నేనెందుకు నిలబడత?"

"తుడిచేది మీరా?"

మాల్ తట్ట పట్టుకుని నిలబడ్డ భీమమ్మ ముఖం తిప్పేసుకుంది. శంకరప్ప అవసరం లేకున్నా కోత మిషన్ ఆన్ చేసి ఆపాడు.

"అయితే నిలబడేటామె చెప్పిందే వేస్త. మీకు తెల్లదే కావాల్నంటే, అమ్మ కాలు జారిన నాడు నన్ను మాత్రం అనొద్దు" అన్నాడు అజమత్, నవ్వుతూనే.

పాండురంగం చెడ్డవాడు కాదు, అడగడం అలవాటు లేనివాడు. నీళ్లు మెరుస్తున్న రెండు బండలనూ చూశాడు, భార్య కాళ్లను చూశాడు. "సరే తియ్యి, ఆమె ఇష్టం" అని పోయాడు. అరుణాదేవి ఆ నీలం బండ మీదే ఇంకాసేపు నిలబడింది.

"కొత్తిల్లు మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను ఒక్క మాట అడిగినోడివి నువ్వే భాయ్" అంది. అని లోపలికి వెళ్లి నలుగురికీ చాయ్ పంపింది.

చాయ్ తాగుతున్నప్పుడు అజమత్ ఛాతీ కొంచెం పొంగి ఉంది. అప్పుడే భీమమ్మ అంది.

"మేస్త్రీ, జిల్లాల ఉన్న ఆడోళ్లనందరిని పిలిచి పిలిచి అడుగుతవ్. మరి హోటల్ సంగతి మా వదినెను అడిగినవా?"

"ఏం అడగాలె? ఆమె ముందటనే చూసిన ఫొటోలు."

"ఆమె ముందట చూసుడు వేరు, ఆమెను అడుగుడు వేరు. పాండురంగం సారు గూడ పెండ్లాం ముందటనే తెల్ల బండ తెచ్చిండు" అని భీమమ్మ చాయ్ గ్లాసు కడుక్కోవడానికి లేచింది.

బీరప్ప కిసుక్కున నవ్వాడు. అజమత్ మాత్రం నవ్వలేదు. ఆ మధ్యాహ్నం వేసిన మూడో వరుసలో దారం పక్కకు జరిగినా అతను చూసుకోలేదు. ఒకటి కాదు, నాలుగు బండలు వంకర పోయాయి. పీకి మళ్లీ వేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లలో అలా ఎన్నిసార్లు జరిగిందంటే శంకరప్పకు ఒక్కటీ గుర్తు రాలేదు.

పీకిన బండల కింది మాల్ గీకుతూ అజమత్ లెక్క వేసుకున్నాడు. ఈ ఇరవై అయిదేళ్లలో ముబీనాను తను ఏం అడిగాడు? ఏం వండినవ్ అని అడిగాడు. చొక్కా ఏడ పెట్టినవ్ అని అడిగాడు. బిడ్డ ఫోన్ చేసిందా అని అడిగాడు. నీకేం కావాలె అని అడిగిన రోజు కోసం ఎంత వెతికినా దొరకలేదు. సిగ్గేసింది. తట్ట అందిస్తున్న భీమమ్మ వైపు చూడలేకపోయాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ముబీనా వాకిలి కడుగుతోంది. వీధిలో బండల లారీలు పోతూనే ఉంటాయి. తెల్లటి దుమ్ము గడప మీద, కిటికీ మీద, దండెం మీది బట్టల మీద పడుతూనే ఉంటుంది. ఆమె రోజుకు రెండుసార్లు కడుగుతుంది. అతను కాళ్లు కడుక్కుని, కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేశాడు.

"కూసో."

"ఎందుకు? కూర పొయ్యి మీద ఉన్నది."

"కూర పోతే పోనియ్యి. కూసో ముబీనా."

ఇరవై అయిదేళ్లలో 'కూర పోతే పోనియ్యి' అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ముబీనా భయపడింది. "తబియత్ బాగలేదా?" అంటూ తడి చేతిని అతని నుదుటి మీద పెట్టింది.

"నాకేం కాలే. ఆ నాలుగు హోటళ్లల్ల నీకేది నచ్చింది?"

ఆమె చీపురు కింద పెట్టలేదు. "మీరు చెప్పేసిండ్రు గదా బిడ్డకు."

"నేను చెప్పింది పక్కన పెట్టు. నీకేది నచ్చింది?"

"అన్నీ మంచిగనే ఉన్నయ్."

"ముబీనా!"

ఆమె అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని తేలేసరికి చీపురు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుంది. ఫోన్ అడిగి తీసుకుంది. వేలితో ఒకటి, రెండు, మూడు నెట్టుకుంటూ పోయి, నాలుగో హోటల్ నాష్తా హాలు దగ్గర ఆగింది. తడబడకుండా, వెతుక్కోకుండా ఆగింది.

అజమత్ ముందుకు వంగాడు. "నకిలీ బండనా?"

"నేను బండ చూడలే, ఐమన్ అబ్బా. ఈడ చూడున్రి."

అతను కళ్లజోడు సర్దుకుని, మొదటిసారి ఆ ఫొటో పై సగం చూశాడు. తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన పెనం ముందు నిలబడి దోసె వేస్తున్నాడు. ఎదురుగా ఓ ఆడమనిషి, ముబీనా వయసుదే, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. వంటాయన వంగి ఆమెతో ఏదో అంటున్నాడు.

"మగాయన నిలబడి చేస్తుండు. ఆడామె కూసున్నది" అంది ముబీనా. "వేడిదే తింటది చూడున్రి. పెనం మీదికెళ్లి సీద పళ్లెంలకే. నేను పెండ్లయినంక వేడి రొట్టె తిన్నది లేదు. అందరు తిన్నంక తినాలె గదా."

ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు. వాన పడుతోంది అన్నట్టు అంది. అందుకే అజమత్‌కు ఎక్కువ తగిలింది.

"మరి ఆ దినమే ఎందుకు చెప్పలే?"

"అన్న గదా, మంచిగున్నదని. మీరు నకిలీ అంటిరి. మీకు గంత మంటగా ఉంటే ఎట్ల చెప్పాలె?"

అతను ఫోన్ తీసుకుని కూతురికి కలిపాడు. "బిడ్డా, మూడోది తీసెయ్యి. నాలుగోది."

"నాలుగోదా? టైల్ మీద బొమ్మ గుద్దిండ్రని అరగంట తిట్టిండ్రు గదా అబ్బా!"

"తిట్టిన. మీ అమ్మీకి గదే కావాల్నంట."

అవతల ఐమన్ "అమ్మీ చెప్పిందా? తనే చెప్పిందా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె గొంతులో నవ్వు వినిపించింది. లోపల కూర నిజంగానే మాడింది. ఆ రాత్రి ఇద్దరూ మాడిన కూరే తిన్నారు, సమానంగా.

ఆదివారం పట్నంలో ఆ హోటల్ మెట్లెక్కుతున్నప్పుడు అజమత్ ఒక్కసారి కిందికి చూశాడు. ప్రతి మూడో టైల్ మీద అదే మచ్చ. చాలు అనుకుని తలెత్తాడు. ఆ తల మళ్లీ దించలేదు. గదిలో పరుపు మరీ మెత్తగా ఉంది, నిద్ర పట్టలేదు. బాత్రూంలో నీళ్లు ఎటు తిప్పితే వస్తాయో తెలియక ఇద్దరూ తడిసి నవ్వుకున్నారు. అవన్నీ ముబీనాకు లెక్కలోకి రాలేదు. పొద్దున ఏడింటికే పెండ్లికి పోతున్నట్టు కొత్త చున్నీ వేసుకుని తయారైంది.

నాష్తా హాల్లో పెనానికి ఎదురుగా ఉన్న టేబుల్ చూసుకుని కూర్చుంది. తెల్ల టోపీ వంటాయన నలభై ఏళ్ల మనిషి. ఛాతీ మీద ప్రేమ్‌సాగర్ అని పేరుంది. దగ్గరికొచ్చి వంగాడు.

"నమస్తే మేడమ్. ఏం దోసె వేయమంటారు?"

"ఏదైనా పర్వాలే" అంది ముబీనా అలవాటుగా. అతను తల ఊపి తిరిగాడో లేదో, "ఆగు భయ్యా" అంది. చున్నీ సర్దుకుంది. "సన్నగ వెయ్యి. ఎర్రగ కాల్చు. లోపల ఉల్లిగడ్డ వద్దు."

"ఉల్లిగడ్డ వద్దా?" అన్నాడు అజమత్.

"నాకు ఉల్లిగడ్డ పడదు. మీకు, బిడ్డకు ఇష్టమని వేస్త."

ఇరవై అయిదేళ్లలో ఉల్లిగడ్డ లేకుండా ఆ ఇంట్లో ఒక్క కూర పొయ్యి ఎక్కలేదు.

దోసె వచ్చింది. పొగలు కక్కుతోంది. ముబీనా వేలితో తాకి, కాలిందని చెయ్యి వెనక్కి తీసుకుని, పైకే నవ్వింది. చివరి ముక్క దాకా వేడి వేడిగానే తిన్నది. ప్రేమ్‌సాగర్ మళ్లీ వచ్చి ఇంకోటి వేయమంటారా అన్నాడు. వేయమంది. అయిపోయాక మళ్లీ వచ్చి ఇంకేమైనా కావాలా అన్నాడు. ఇడ్లీ అడిగింది, సగం తిన్నది. ఆ తర్వాత ఆమె ఏమీ తినలేదు గానీ లేవనూ లేదు. వెనక్కి ఆనుకుని కూర్చుంది. హాలు సగం ఖాళీ అయింది. పళ్లేలు తీసేస్తున్నారు.

"కడుపు నిండిందా?" అన్నాడు అజమత్.

"ఎప్పుడో నిండింది."

"మరి ఎందుకు కూసున్నవ్? బంద్ చేస్తరేమో."

"బంద్ చేసేదాక ఉంట." ముబీనా గొంతు తగ్గించింది. "వచ్చి వచ్చి అడుగుతుండు గదా, ఏం కావాలె మేడమ్ అని. జర అడగనియ్యున్రి."

అజమత్ నవ్వబోయాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు, అవసరం లేకున్నా. ప్రేమ్‌సాగర్ వేరే టేబుల్ దగ్గర ఉన్నాడు, ఇప్పట్లో ఇటు వచ్చేటట్టు లేడు. అజమత్ కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి నిలబడ్డాడు. వంగి, ఏదో పెద్ద పని ఒప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అడిగాడు.

"చాయ్ తేవాల్నా?"

ముబీనా అటు మూలన వరుసగా పెట్టిన కెటిల్లు చూసింది, ఆలోచించింది.

"కాఫీ ఎట్లుంటదో?" అంది. "నేనెన్నడు తాగలే. చేదుంటదా?"

అజమత్‌కూ తెలియదు. "కనుక్కొని వస్త, కూసో" అని బయల్దేరాడు.